బండ మీద సున్నం గీత

నీలవ్వ మొదటి గెలుపు ఆ బండలో సగం.

గుట్ట కింద పరుపులా పరుచుకున్న నల్లబండ అది. ఉడికించిన పసుపును దాని మీద పోస్తే కింద రాయి, పైన ఎండ కలిసి కాలుస్తాయి. మట్టి కల్లంలో పక్షం రోజులు పట్టే పసుపు అక్కడ వారానికే చేతిలో గలగలమంటుంది. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు పండించేవాళ్ళకు అలాంటి బండ విలువ వేరే చెప్పనక్కరలేదు. మామగారి నాటి నుంచి అది ఆ ఇంటి కల్లం. భర్త పోయిన ఏడాదే మరిది దేవన్న బండ నిండా తన పసుపే పోసుకొని వదినెకు దారి మూసేశాడు.

“అన్న లేకపాయె. కల్లం కాడ మొగోళ్ళ నడుమ నువ్వేం కూసుంటవ్ వదినె? ఇంటి ముంగట ఆరబెట్టుకో.”

నీలవ్వ ఇంటి ముందు ఆరబెట్టుకోలేదు. బండి నిండా పసుపు తెచ్చి దేవన్న రాశికి ఆనించి కుమ్మరించింది. తడిపిన కొంగు నెత్తిన వేసుకొని దాని పక్కనే కూర్చుంది. తిండి అక్కడే, పడక అక్కడే. అరికాళ్ళు బొబ్బలెక్కాయి, పెదవులు పగిలాయి. ఊరి కమిటీ వాళ్ళు ముందు ఆమెను లేపడానికి వచ్చారు. ఆమె లేవదని తెలిశాక బండనే రెండు చేశారు. అప్పట్లో కమిటీలో అందరికన్నా చిన్నవాడు లింగన్న. అతనే సున్నం డబ్బా పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీశాడు.

“గీ గీత ఇవతలకు నీ కాలు రావద్దు,” అన్నాడు దేవన్న.

“నీది రాకుంటె అదే పదివేలు,” అంది నీలవ్వ.

ఆ మాట మీద ఇద్దరూ నిలబడ్డారు. ఏటా పసుపు దిగే కాలానికి గీత మీద కొత్త సున్నం పడేది. గీసేటప్పుడు గీత తనవైపు ఒక వేలు జరిగిందని ఇద్దరూ అరిచేవాళ్ళు. ఈ పక్క పసుపు కొమ్ము ఒకటి దొర్లి ఆ పక్కకు పోతే ఎవరూ తీసుకునేవారు కాదు. అది అక్కడే ఎండి, మేకలు తొక్కి పొడైపోయేది. నీలవ్వ చీపురు గీత దాకా వచ్చి ఆగేది. దేవన్న కొడుకు సాయిప్రసాద్ చిన్నప్పుడు బంతి కోసం గీత దాటితే తండ్రి చేతిలో దెబ్బలు తిన్నాడు. పెద్దవాడై, పెండ్లయి, ఇప్పటికీ బండ మీద నడిచేటప్పుడు కిందికే చూసి నడుస్తాడు.

బండతో ఆమె ఘనత అయిపోలేదు. ఊరంతా కడాయిల్లో పసుపు ఉడకబెట్టి పొగకు కళ్ళు పోగొట్టుకుంటున్న రోజుల్లో కమ్మర్‌పల్లి దాకా పోయి ఆవిరి బాయిలర్‌ను కిరాయికి తోలుకొచ్చింది ఆమే. నవ్వినవాళ్ళే మరుసటి ఏడు ఆమె వెనక వరుస కట్టారు. బొట్టు బొట్టుగా నీరిచ్చే పైపులు ఈ ఊళ్ళో మొదట పరిచిన చేను ఆమెది. మార్కెట్ యార్డులో ఆమె రాశి ముందు నిలబడిన ఖరీదుదారు కొమ్ము విరిచి చూసి, రెండోది విరవడు. లోపలి రంగు అలా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మడులు ఎండుతుంటే కరెంటు ఆఫీసు గేటుకు అడ్డంగా పండుకొని, కొత్తది లారీ ఎక్కేదాకా లేవలేదు. ఒక్క బిడ్డ నందినిని డిగ్రీ చదివించి దొంకేశ్వర్‌లో మంచి ఇంటికి ఇచ్చింది. వీటన్నిటికన్నా ఆమె తనకు తాను గొప్పగా చెప్పుకునేది ఇంకొకటి. ఎండాకాలం దుక్కి. ఊళ్ళో మొదటి నాగలి సాలు, ఈ మధ్య ఏళ్ళలో మొదటి రోటవేటర్ సాలు, నీలవ్వ చేనులోనే పడాలి. తర్వాతే ఊరు. ఒక్క ఏడాది కూడా ఆ మాట తప్పలేదు.

ఈ ఏప్రిల్‌లో ఆ మాటే ఆమె కొంప ముంచింది.

రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి త్రివేణి ఊరివాళ్ళను కూర్చోబెట్టి ఈ ఎండాకాలం ఎలా ఉండబోతుందో చదివి వినిపించింది. వడగాడ్పులు మామూలుకన్నా ఎక్కువ రోజులు వీస్తాయి. గుట్టల మీద, చేను గట్ల మీద గడ్డి ఇప్పటికే పెళపెళలాడుతోంది, నిప్పురవ్వ పడితే ఆగదు. కొన్ని సాయంత్రాలు ఉరుములు మెరుపులు, ఈదురుగాలి, అక్కడక్కడ వాన. రాళ్ళ వానా రావచ్చు.

“అందుకని రెండు మాటలు చెప్తున్న,” అంది త్రివేణి. “మక్క కొయ్యలకు ఎవరూ అగ్గి పెట్టకండి. పసుపు ఆరబెట్టినోళ్ళు పొద్దుగూకే ముందే టార్పాలిన్లు కప్పుకోండి.”

నీలవ్వ ముందు వరుసలోనే ఉంది. “అగ్గి అంటుకుంటదని నువ్వే అంటవ్, వాన పడ్తదని నువ్వే అంటవ్. ఏదో ఒకటి చెప్పు బిడ్డా. ఫ్యాను కింద కూసోని రెండు దిక్కులా చెప్పుడు అల్కనే.”

“ఫ్యాను తిరుగుతలేదు అవ్వా, పైకి చూడు,” అంది త్రివేణి. జనం నవ్వారు. “రెండూ వస్తయి. ఒకటొస్తే ఇంకోటి రాదని ఎవరన్నరు? వానకంటె ముందు గాలొస్తది. ఆ గాలి ఎటు తిరుగుతదో నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు.”

వెనక నుంచి దేవన్న గొంతు వచ్చింది. “మేడం, మా వదినెకు చెప్పకుండ్రి. ఆకాశం ఆమెనడిగి మబ్బు పట్టాలె.”

“నీ లెక్క ఉరుముకు ఉరికి పట్టా కప్పేదాన్ని కాదు నేను,” అంది నీలవ్వ వెనక్కి తిరగకుండానే. “వేడి వేడి పసుపు మీద పట్టా కప్పితే చెమట పట్టి బూజొస్తది. నీ కొమ్ము నల్లగ ఎందుకుంటదో ఇప్పటికన్న ఎరుకైందా?”

మరుసటి వారం ఒక పొద్దున ఫోన్ల గ్రూపులో త్రివేణి సందేశం వచ్చింది. సాయంత్రానికి ఉరుములతో గాలివాన. మధ్యాహ్నం దాటేసరికి దేవన్న, సాయిప్రసాద్ తమ సగం బండ మీద పసుపును పోగు చేసి, నీలం రంగు టార్పాలిన్లు కప్పి, తాళ్ళతో బిగించి కట్టారు. నీలవ్వ తన సగం విప్పారేసే ఉంచింది. ఆమె టార్పాలిన్ మడత పెట్టినట్టే రాయి కింద ఉంది. మొదటి చినుకు పడ్డాక కప్పుకోవడం ఆమెకు అలవాటు. అందరి చేతులు ఒక పూటలో చేసే పనిని ఆమె చేతులు పొయ్యి మీద ఎసరు కాగే లోపు చేస్తాయి.

ఆమె మనసంతా మక్క చేను మీద ఉంది. ఆ చేను బండకు తూర్పున, నడుమ ఒక్క గట్టు అడ్డం. కంకులు కోసుకున్నాక మొక్కజొన్న కొయ్యలు మోకాళ్ళ ఎత్తున నిలబడి ఉన్నాయి. ట్రాక్టర్ డేవిడ్ రోటవేటర్ పట్టుకొని తెల్లారి వస్తానన్నాడు. రాత్రి వాన పడితే కొయ్యలు నానుతాయి. నానినవి కాలవు, రోటవేటర్ పళ్ళకు చుట్టుకుంటాయి, ఆరేదాకా ఆగాలి. ఆగితే ఈ ఏడు మొదటి సాలు ఇంకెవరి చేనులోనో పడుతుంది. కాబట్టి వాన రాకముందే కాల్చేయాలి. కాల్చినా భయమేముంది, వాన వస్తుందంటున్నారు కదా, అదే ఆర్పుతుంది. త్రివేణి చెప్పిన రెండు మాటలను నీలవ్వ అలా పక్కపక్కన పెట్టి, ఒకదానితో మరొకదాన్ని కొట్టేసింది.

తెలివితక్కువగా ఏమీ చేయలేదు. నెలరోజులుగా గాలి గుట్ట మీది నుంచి, పడమటి నుంచే కొడుతోంది. ఆ గాలికి మంట తూర్పుకే పోతుంది, తూర్పున రోడ్డు ఉంది, అక్కడ ఆగిపోతుంది. బండ మంటకు వెనక పడుతుంది. పది ఎండాకాలాలు ఆమె అలాగే కాల్చింది. కడవలో నీళ్ళు, తడిపిన గోనెసంచి దగ్గర పెట్టుకొని గట్టు వారన అగ్గిపుల్ల గీసింది.

బండ మీద తాళ్ళు బిగిస్తున్న దేవన్న పొగ చూసి నిలబడ్డాడు.

“వదినె, ఏం పని గది? పైన మబ్బు ఎట్లున్నదో కనబడ్తలేదా?”

“నా చేను, నా కొయ్యలు. నీ పట్టాలు నువ్వు కట్టుకో.”

“గాలి తిరిగిందంటె నీ నెత్తి మీదికే వస్తది.”

“తిరిగితే తిరగని. నీ నెత్తి మీదికి రాకుంట నువ్వు గీత అవతలనే ఉన్నవ్ గద.”

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చి ఎంతోసేపు కాలేదు. పడమటి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. పొగ నిట్టనిలువునా లేచింది. రోడ్డు మీద వేపచెట్టు ఆకు కూడా కదల్లేదు. తూర్పున ఆకాశం ఇటుకబట్టీ రంగుకు తిరిగి, దుమ్ము గోడలా లేచి వచ్చింది. వాన కాదు, గాలి. చేనులో మంట ఒక్క ఊపున వెనక్కి తిరిగి, గట్టు మీది ఎండుగడ్డిని నాకి, బండ వైపు పరుగెత్తింది.

నీలవ్వ గోనెసంచి పట్టుకొని ముందుకు ఉరికింది. తన సగం అంచున గడ్డిని బాదింది, తొక్కింది, మళ్ళీ బాదింది. కాలుతున్న మక్క ఆకులు ఆమె తల మీదుగా ఎగిరి వచ్చి పడుతున్నాయి. విప్పారేసిన ఆమె పసుపు మీద పడినవి పడ్డచోటే బూడిదయ్యాయి. వేడిబండ మీద పలుచగా పరిచిన గట్టి కొమ్ములకు అంత సులువుగా మంట అంటదు. దేవన్న వైపు పడినవి మాత్రం ప్లాస్టిక్ టార్పాలిన్ల మీద పడ్డాయి. నీలం రంగు ముడుచుకుంది, రంధ్రాలు పడ్డాయి, చినుకుల్లా కరిగి పసుపు మీదికి కారింది. తాళ్ళు అంటుకున్నాయి. దేవన్న వట్టి చేతులతో పట్టాను పట్టి లాగాడు. సాయిప్రసాద్ నీళ్ళ కోసం బోరు దగ్గరికి ఉరికాడు.

నీలవ్వ తడి గోనెతో గీత దాకా వచ్చింది. అక్కడ ఆమె కాలు ఆగింది.

ఎందుకు ఆగిందో ఆమెకు తర్వాత కూడా తెలియలేదు. ఆలోచించి ఆపలేదు. ఎన్నో ఏళ్ళుగా చీపురు ఎక్కడ ఆగేదో అక్కడే కాలూ ఆగింది. గీత అవతల ఒక్క అంగలో మంట ఉంది, చేతిలో తడి గోనె ఉంది. దేవన్న తలెత్తి చూశాడు. అరిచే ఊపిరి అతనికి లేదు. ఆమె కాళ్ళ వైపు చూశాడు, మళ్ళీ పట్టా లాగడంలో పడ్డాడు.

అప్పుడు ఉరిమింది. గుట్ట తల మీద మెరుపు చీలింది. పది చినుకుల వాన పడి, బండ మీద ఆవిరై, ఆగిపోయింది.

దేవన్న పసుపు సగానికి పైగా కాలింది. మిగిలినదానికి కరిగిన ప్లాస్టిక్ అంటుకొని ముద్దలు కట్టింది. గీత ఇవతల నీలవ్వ పసుపు మీద బూడిద తప్ప ఏమీ లేదు. చూడడానికి వచ్చిన జనం ముందు అటు చూశారు, తర్వాత ఇటు చూశారు.  గుంపులోంచి వెంకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అందరికీ వినబడేట్టు అంది: “మంటకు గూడ సున్నం గీత కనబడ్డది సూడుండ్రి.”

మరునాడు డేవిడ్ ఆమె చేనుకు రాలేదు. కమిటీ కూర్చుంది. లింగన్న ఇప్పుడు దానికి అధ్యక్షుడు. తల నెరిసింది గానీ, రెండు పక్కలకూ నచ్చే మాట వెతికే అలవాటు పోలేదు. దేవన్న రెండు చేతులకూ కట్లతో వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నీలవ్వ కూర్చోలేదు.

“నీలవ్వా, ఊరంత ఉరుము విన్నది,” అన్నాడు లింగన్న నెమ్మదిగా. “గుట్ట మీద మెరుపు పడ్డది గూడ చూసిండ్రు. పిడుగు పడి అగ్గి అంటుకున్నదని రాసి పంపుదాం. పిడుగైతే ఎవలి తప్పూ కాదు. సర్కారు దేవన్నకు ఏదన్న ఇస్తది. నీ బండ నీకుంటది. నువ్వు ఊ అంటె చాలు.”

గదిలో అందరూ ఆమె ఊ కోసం చూశారు. దేవన్న కూడా చూశాడు. ఆ ఒక్క మాటతో అతని నష్టానికి దారి దొరుకుతుంది, ఆమె సగం ఆమెకు ఉంటుంది. అడ్డమల్లా ఆమె నోరే.

“ఊ అనను,” అంది నీలవ్వ. “ఉరుము రాకముందే చేను కాలింది. అగ్గిపుల్ల నేను గీసిన. ఈ ఊళ్ళె ఏది మొదలు పెట్టినా నా పేరు మీదనే ఉన్నది. గిదొక్కటి తీసుకపోయి పిడుగు పేరు మీద రాస్తరా?”

“గింత పొగరా తల్లీ,” అన్నారెవరో.

“పొగరే. గా పొగరు లేకుంటె బండ మీద సగం నాకెవడిచ్చేటోడు?”

దేవన్న గొంతు సవరించుకున్నాడు. “అగ్గి సంగతి ఇడ్సిపెట్టు లింగన్నా. గాలి తిరిగింది. ఎవలి చేనుల నుంచైన తిరుగుతది. నేనడిగేది వేరే. తడి గోనె చేతుల పట్టుకోని గీత కాడ నిలబడ్డది. నా చేతులు కాలుతుంటె సూసుకుంట నిలబడ్డది. గది అడుగు.”

లింగన్న ఆమె వైపు తిరిగాడు. అడగనక్కర లేకపోయింది.

“కాలు రావద్దన్నది నువ్వే,” అంది నీలవ్వ. ఈసారి ఆమె గొంతులో బిరుసు కొంత తగ్గింది.

“అవు, అన్న. ఆ ఒక్క మాట తప్ప నేను చెప్పింది ఏదన్న విన్నవా నువ్వు, ఇన్నేండ్లల్ల?”

 నీలవ్వ లింగన్న వైపు తిరిగి అంది: “సర్కారియ్యాల్సింది నేనిస్త. నా పసుపు బండ మీదనే ఉన్నది. ఇంకో వారం ఎండ తగిలితే చాలు. మొత్తం ఎత్తుకొమ్మను. పసుపు ఇస్త. బండ మాత్రం ఇయ్య.”

“నాకామె పసుపు వద్దు,” అన్నాడు దేవన్న. “నాకు బండ కావాలె. పక్కన గసువంటి మనిషి ఉంటె నేను ఆరబెట్టుకోలేను.”

పొద్దు వాలేదాకా మాటలు నడిచాయి. చివరికి కమిటీ తేల్చింది ఇదీ: మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు దాకా నీలవ్వ బండ మీద కాలు పెట్టవద్దు. మిరుగు నాడు అందరూ మళ్ళీ బండ దగ్గరే కూర్చుంటారు. గీత ఉండాలో, తుడిచేయాలో, సగం ఎవరిదో అప్పుడు చెబుతారు. ఆమె పసుపు ఎండాక సంచులకెత్తి కమిటీ గదిలో పెడతారు.

“బండ మీద కాలు పెట్టనియ్యని ఊళ్ళె నాకు అన్నమెందుకు,” అంది నీలవ్వ. తెల్లారి డేవిడ్ ట్రాక్టర్ చప్పుడు వేరేవాళ్ళ చేనులోంచి వినిపిస్తుండగా సంచి చంకన పెట్టుకొని ఆటో ఎక్కింది. మొదటి సాలు ఎవరి చేనులో పడుతోందో తల తిప్పి చూడలేదు. చప్పుడును బట్టి ఆమెకు తెలుసు.

దొంకేశ్వర్‌లో బిడ్డ ఇంట్లో ఆమె ఎక్కువ మాట్లాడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం నందిని ఫోన్ చూసి అంది, “అమ్మా, త్రివేణి మేడం గ్రూపుల పెట్టింది. రాత్రికి గాలివాన అట. రాళ్ళు పడ్తయట.”

“ఇంకోసారి చదువు,” అంది నీలవ్వ.

నందిని చదివింది. నీలవ్వ లేచి వాకిట్లోకి పోయి ఆర్మూరు దిక్కు చూసింది. అటు మబ్బు లేస్తోంది. ఆమె పసుపు బండ మీద విప్పారేసి ఉంది. టార్పాలిన్ రాయి కింద మడత పెట్టి ఉంది. ఎవరూ కప్పరు. గీత దాటే మనిషి ఆ ఊళ్ళో లేడు, అలా తయారు చేసింది తానూ మరిదీ కలిసే.

“సాయిప్రసాద్‌కు ఫోన్ చెయ్యి,” అంది.

ఫోన్ ఎత్తగానే గాలి హోరు వినిపించింది. “బండ కాడనే ఉన్నం అక్కా,” అన్నాడు సాయిప్రసాద్. “నాయిన గీత మీద నిలబడ్డడు. ఎంతసేపాయెనో, కదుల్తలేడు.”

“ఏం చేస్తున్నడు?”

“పెద్దమ్మ పసుపు దిక్కు సూస్తున్నడు. తిడ్తున్నడు.”

నీలవ్వ ఫోన్ తన చెవికి పెట్టుకుంది. అవతల ఏవేవో చప్పుళ్ళు. రాయి దొర్లిన చప్పుడు, పట్టా విప్పిన చప్పుడు, కట్లున్న చేతులతో తాడు లాగుతూ దేవన్న బూతులు. సాయిప్రసాద్ ఫోన్ కింద పెట్టి తండ్రికి చెయ్యందించడానికి పోయాడని ఆమెకు తెలిసింది. గీత అవతల నుంచి ఇవతలకు రెండు జతల అడుగులు. చాలాసేపటికి సాయిప్రసాద్ రొప్పుతూ మళ్ళీ ఫోన్ ఎత్తాడు.

“కప్పినం పెద్దమ్మా.”

“పొద్దుగాలనే తీయుండ్రి. వేడికి చెమట పడ్తది,” అంది నీలవ్వ.

ఆ మాట అక్కడ వినబడింది. “నాకు నేర్పుతదా ఆమె?” దేవన్న గొంతు దూరం నుంచి వచ్చింది. “నేను తీసుకుంటలేనని చెప్పు. ఇది ఆమెదే, ఆమె పేరు మీదనే సంచులకెత్తుతరు. దయ తలచి కప్పిననని అనుకోవద్దని చెప్పు. పసుపు పాడైతే ఊరు ఆమె నష్టమే సూస్తది, బండ లెక్క పక్కకు పోతది, నాకది వద్దు. లెక్క లెక్కనే.”

“ఇయ్యనన్న బండ ఇప్పుడూ ఇయ్యనని చెప్పు,” అంది నీలవ్వ.

సాయిప్రసాద్ చెప్పాడో లేదో. గాలి హోరులో తండ్రి మళ్ళీ ఏదో అరిచాడు.

“ఏమంటున్నడు?”

“ఎన్నడొస్తవని అడుగుతున్నడు పెద్దమ్మా. అంతదనుక కావలి నేనే కాయాల్నా అంటున్నడు.”

నీలవ్వ వాకిలి ద్వారబంధానికి ఆనుకుంది. తూర్పు నుంచి వచ్చిన మొదటి గాలి దుమ్ము ఆమె కళ్ళలో పడింది.

“కాయమను,” అంది. “జూన్ ఎనిమిది. మిరుగు నాడు వస్త.”